ముప్పావు

ముందు ఈ ముప్పావు సంగతి చెప్పాలి.
మా చాతమ్ దీవుల్లో గడియారం
న్యూజిలాండ్ కన్నా ముప్పావు గంట ముందుంటుంది.
గంట కాదు, అరగంట కాదు.
ఎవరికి చెప్పినా మొదట నవ్వుతారు,
తర్వాత "సరిగ్గా చెప్పండి" అంటారు.
హాంబర్గ్ బీమా ఆయనైతే ఇప్పటికీ
నాకు లెక్కలు రావనే అనుకుంటాడు.

నా పని ఫోన్లు కలపడం.
గార్త్ లోవెల్ పట్టించే రాతి రొయ్యలు,
మూరెడు మీసాలవి,
చల్లటి చెక్కపొట్టులో పడుకుని విమానమెక్కి
ప్రాణాలతోనే గ్వాంగ్‌జౌలో దిగుతాయి.
వాటికెవరూ టైము అడగనక్కర్లేదు.
మనుషులతోనే పేచీ.

ప్యాకింగ్ షెడ్డు గోడ మీది గడియారం
ఆక్లండ్ టైములోనే తిరుగుతుంది,
గార్త్‌కి కూడికలు పడవు కనక.
నా బల్ల మీద ఓ అట్టముక్క:
గ్వాంగ్‌జౌకి చలికాలం నాలుగూ ముప్పావు తీసెయ్,
ఎండాకాలం ఐదూ ముప్పావు,
మార్చి చివరి వారం హాంబర్గ్ జోలికే పోకు.

ఏప్రిల్లో, గడియారాలు వెనక్కి తిప్పిన మర్నాడు,
అట్టముక్క బదులు షెడ్డు గోడ చూశాను.
అక్కడ రెండైతే ఇక్కడ ఆరు,
అని రాసి పంపేశాను.
ముప్పావు కలపలేదు.
ఎవరో కాదు, ఇక్కడే పుట్టిన మెరియానాని, నేను.
కంప్యూటరు మా ఆరుని మా ఆరుగానే పట్టుకుని
అక్కడివాళ్ళకి ఒకటింబావు అని చెప్పింది.

ఆరుకి లైను తెరిచాను.
గార్త్ లేడు. క్వాన్ గారు లేరు.
నేను రాసినవి వాళ్ళెప్పుడు చదివారు కనక,
రెండింటికని నోటిమాటగా అనుకున్నారు, అంతే.
ఔయాంగ్ పేయ్ ఉంది.
మూడేళ్ళుగా నా పేరు కింద ఆమె పేరు,
"సమయం అనుకూలమేనా", "అనుకూలమే",
అంతకుమించి ఒక్క ముక్క లేదు మా మధ్య.

గుసగుసగా మాట్లాడుతోంది.
ఒంట్లో బాగాలేదా అన్నాను.
"అందరూ నిద్రపోతున్నారు.
రెండింటిదాకా ఇక్కడ దీపాలెయ్యరు.
బల్లల పక్కన మడత మంచాలు."
చెవి రిక్కించాను. నిజమే, ఎవరిదో గురక,
సముద్రాలు దాటి నా చెవిలోకి.
"మరి నీ నిద్రో?"
"నువ్వు రమ్మన్నావుగా."

సిగ్గేసింది. తప్పు నాదేనన్నాను.
ముప్పావు సంగతి మొదటినుంచీ చెప్పాను.
నవ్వలేదు. సరిగ్గా చెప్పమనలేదు.
"అయితే ఇది ఎవరి ఖాతాలో రాద్దాం?" అంది.

నీ వెనక ఆ హోరేంటంది.
గాలి.
ఆగదా?
ఆగితే మాకు భయం.
నువ్వెప్పుడైనా తిన్నావా, వీటిని, అన్నాను.
"ధర టైపు చేస్తాను, అంతే. నువ్వో?"
కాళ్ళు విరిగినవి మావే, విమానం ఎక్కనివ్వరు కనక.
ఈసారి నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది.
ఆ తర్వాత ఇద్దరం ఊరుకున్నాం.
అటు గురక, ఇటు గాలి.
ఎవరమూ లైను తెంచలేదు.

షెడ్డు గడియారంలో ఆరవగానే
తడి బూట్లతో గార్త్ వచ్చాడు.
అటు కుర్చీలు జరిగాయి, ఎవరో దగ్గారు.
"వచ్చి చాలాసేపయిందా?" క్వాన్ గారి గొంతు.
"ఇప్పుడే," అంది పేయ్.
ఇప్పుడే, అన్నాను నేనూ.
కిలోకి రెండు డాలర్లు తగ్గించుకుని
పది నిమిషాల్లో ముగించేశారు.

షెడ్డు వైపు చూడకు,
అని ఎర్రసిరాతో అట్టముక్క మీద రాసుకున్నాను.
మళ్ళీ తప్పలేదు లెక్క.
తప్పాలని లేకపోలేదు.

సెప్టెంబరు చివరి ఆదివారం,
ఇంకా తెల్లారలేదు, ఎందుకో మెలకువొచ్చింది.
పావుతక్కువ మూడు చూపిస్తున్న ఫోను
కళ్ళముందే ఒక్క గెంతున
పావుతక్కువ నాలుగైంది.
వేళ్ళ మీద లెక్కవేశాను:
గ్వాంగ్‌జౌలో సరిగ్గా రాత్రి పది.
ఏ బాల్కనీలోనో బట్టలారేస్తూ ఉంటుంది.
అక్కడేమీ గెంతి ఉండదు.
పది తర్వాత
పదీ ఒక నిమిషం వచ్చి ఉంటుంది.